మతిమరుపు ఉందనే అమ్మగారు, ఏమీ లేదనే నాన్నగారు: ముందు ఎవరిని డాక్టరుకు చూపించాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా క్లుప్తంగా రాస్తాను. మీ అమ్మగారికి 68 ఏళ్లు, ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించారు. ఏడాదిన్నరగా పేర్లు గుర్తుకు రావడం లేదని, వస్తువులు పెట్టిన చోటు మరిచిపోతున్నానని చెబుతూ నలుగురు డాక్టర్లను కలిశారు. రెండుసార్లు ఎంఆర్ఐ తీయించుకున్నారు. రెండింటిలోనూ చెప్పుకోదగినదేదీ కనబడలేదు, అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఇంకా పెద్ద స్కాన్ ఏదైనా చేయించాలా, కొత్తగా వచ్చిందంటున్న అల్జీమర్స్ రక్తపరీక్ష పనికొస్తుందా అని అడిగారు. చివర్లో, దాదాపు మాటవరసగా, మీ నాన్నగారి సంగతి రాశారు. ఆయనకు 74 ఏళ్లు, షుగరుకూ బీపీకీ మందులు వాడుతున్నారు, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకున్న సందర్భాలున్నాయి, డాక్టరు రమ్మన్న తేదీ రెండుసార్లు దాటిపోయింది, అడిగితే తనకేమీ లేదంటారు. మరో రెండు నెలల్లో మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంది, దాన్ని వాయిదా వేయాలా అన్నది మీ ఆఖరి సందేహం.

సూటిగా చెబుతాను. అమ్మగారికి ఇప్పుడు కొత్త స్కాన్ గానీ ఆ రక్తపరీక్ష గానీ అక్కరలేదు. నాన్నగారిని మాత్రం ఈ నెలలోనే, ఆపరేషన్ తేదీ కంటే చాలా ముందుగా, జ్ఞాపకశక్తి పరీక్షకు తీసుకెళ్లాలి. నేను ఇరవై ఏళ్లకు పైగా వృద్ధుల మతిమరుపు ఓపీ చూస్తున్న వైద్యుణ్ణి. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పే అలవాటు నాకు లేదు, ఇక్కడా చెప్పను. కానీ మీరు రాసిన దాంట్లో అమ్మగారి గురించి పది వాక్యాలు, నాన్నగారి గురించి రెండు వాక్యాలు ఉన్నాయి, నన్ను ఆపి ఆలోచింపజేసినవి మాత్రం ఆ రెండు వాక్యాలే.

ఎందుకలాగో వివరిస్తాను. మతిమరుపు విషయంలో ఆసుపత్రికి వచ్చేవాళ్లూ, రావలసినవాళ్లూ ఒకరే కావాలని లేదు. గుండెనొప్పి అయితే నొప్పి ఉన్న మనిషే వస్తాడు. జ్ఞాపకశక్తి సంగతి వేరు. తాను మరిచిపోతున్నానన్న సంగతిని గమనించి, గుర్తు పెట్టుకుని, బెంగపడి, డాక్టరు దగ్గర వరుసగా చెప్పుకోవడానికి కూడా జ్ఞాపకశక్తే కావాలి. డిమెన్షియాలో, అంటే రోజువారీ పనులు కూడా చెడిపోయేంత మతిమరుపు జబ్బులో, మెదడు దెబ్బతినే క్రమంలో చాలామందికి తమ లోటు తమకు తెలియకుండా పోతుంది. దీన్ని వైద్యులు అనొసొగ్నోసియా అంటారు. ఇది మొండితనం కాదు, దాచుకోవడం కాదు, అహం అసలే కాదు. లోటును పసిగట్టవలసిన భాగమే పనిచేయనప్పుడు "నాకేం లేదు" అనే ఆయన తనవరకు నిజమే చెబుతున్నారు.

మా ఓపీల్లో పాతకాలం నుంచి గమనిస్తున్న రెండు చిన్న విషయాలున్నాయి. వాటి మీద అధ్యయనాలు కూడా జరిగాయి. ఒకటి, మతిమరుపని చెప్పి ఒంటరిగా వచ్చి, తన కథ తానే తేదీలతో సహా చెప్పే మనిషికి డిమెన్షియా ఉండే అవకాశం తక్కువ. రెండోది, ప్రశ్న అడగగానే జవాబు కోసం పక్కనున్న భార్య వైపో, కొడుకు వైపో తల తిప్పే మనిషిని కాస్త జాగ్రత్తగా చూడాలి. వీటితో జబ్బును నిర్ధారించలేం, కానీ ఏ మనిషికి ఎక్కువ సమయం కేటాయించాలో ఇవి చెబుతాయి.

ఈ పాఠం నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. వైద్యం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో ఒక దంపతులు నా దగ్గరకు దాదాపు రెండేళ్లు వచ్చారు. పేషెంటు భార్య. ఆవిడ ప్రతిసారీ కాగితం మీద రాసుకుని వచ్చి తన మరపులన్నీ చదివేవారు. పరీక్షల్లో మార్కులు నిండుగా వచ్చేవి, నేను ధైర్యం చెప్పి పంపేవాణ్ణి. భర్త ఫైలు పట్టుకుని పక్కన కూర్చుని, చిరునవ్వు నవ్వుతూ, అడిగిన దానికి మర్యాదగా తల ఊపేవారు. ఒకరోజు ఆవిడ రక్తం ఇవ్వడానికి వెళ్లినప్పుడు, ఊరికే మాట కలపడానికి, "ఈరోజు ఎన్నింటికి బయల్దేరారు?" అని ఆయన్ను అడిగాను. "ఆవిడకు తెలుసండీ" అన్నారు. ఎలా వచ్చారంటే అదే జవాబు. ఇది ఏ నెల అని అడిగితే నవ్వి, మళ్లీ తలుపు వైపు చూశారు. రెండేళ్లుగా నా ఎదుటనే కూర్చున్న అసలు పేషెంటును నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పటికి ఆయన జబ్బు మధ్యదశకు చేరుకుంది.

ఆవిడ మరపులకు కారణం కూడా అప్పుడే తెలిసింది. ఇంటి లెక్కలు, మందుల వేళలు, బంధువుల శుభకార్యాలు, తలుపులు వేశారా లేదా అన్న తనిఖీ, ఇవన్నీ ఇద్దరి బదులు ఒక్కరే గుర్తుపెట్టుకుంటున్నారు. రాత్రి ఆయన లేస్తారేమోనని నిద్రపోవడం లేదు. అలసిన మనిషి కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోవడంలో వింతేముంది? మీ ఇంట్లో కూడా ఇలాగే జరుగుతోందని నేను అనను, కానీ ఏడాదిన్నర క్రితం, అంటే అమ్మగారికి మరపు మొదలైందన్న రోజుల్లో, నాన్నగారు చూసుకునే పనుల్లో ఏవేవి అమ్మగారి చేతికి వచ్చాయో ఒకసారి ఇంట్లో వాకబు చేయండి.

ఇక అమ్మగారి విషయం వివరంగా. పరీక్షల్లో ఏ లోటూ బయటపడకపోయినా, నా జ్ఞాపకశక్తి మునుపటిలా లేదని మనిషికి స్వయంగా అనిపించే స్థితికి వైద్యంలో ఒక పేరుంది, సబ్జెక్టివ్ కాగ్నిటివ్ డిక్లైన్ అంటారు. ఇది అరుదు కాదు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సర్వేల్లో 45 ఏళ్లు దాటినవారిలో సుమారు పదిమందిలో ఒకరు తమ జ్ఞాపకశక్తి తగ్గుతోందని చెప్పారు, వారిలో సగం కంటే తక్కువమందే ఆ మాటను డాక్టరుతో ప్రస్తావించారు. కాబట్టి మీ అమ్మగారు డాక్టరుకు చెప్పుకోవడం తప్పు కాదు, మంచి పనే. నలుగురికి చెప్పుకోవలసి రావడమే ఇబ్బంది.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయకూడదు కూడా. అనేక అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, ఇలా మరపు గురించి చెప్పుకునే పెద్దవారిలో ఏడాదికి నూటికి ఇద్దరికి పైచిలుకు డిమెన్షియాకు చేరుకున్నారు, అలాంటి ఫిర్యాదు లేనివారిలో నూటికి ఒకరు. అంటే ముప్పు రెట్టింపు ఉన్నమాట నిజమే, నూటికి తొంభై ఏడుమందికి పైగా ఆ ఏడాదిలో అలా మారలేదన్నదీ అంతే నిజం. "అంతా వయసు ప్రభావమేనమ్మా" అని చేయి విదిలించి పంపే డాక్టరూ, "ఎందుకైనా మంచిది" అని మూడో స్కాన్ రాసే డాక్టరూ ఈ లెక్కలో సగాన్నే చూస్తున్నారు.

వయసుతో సహజంగా వచ్చే మార్పులేమిటో తెలిస్తే ఆమెకు కొంత ఊరట కలుగుతుంది. పేరు నాలుక చివర ఉండి, గంట తర్వాత తనంతట తానే గుర్తుకు రావడం, గదిలోకి వెళ్లి ఎందుకొచ్చానో ఒక్క క్షణం తోచకపోవడం, ఒకేసారి రెండు పనులు చేయబోతే ఒకటి తప్పిపోవడం, ఇవి మెదడు వేగం తగ్గడం వల్ల వచ్చేవి. పదసంపద మాత్రం వయసుతో తగ్గదు, చాలామందిలో పెరుగుతుంది కూడా. మేము ఆందోళన పడేది వేరే రకం మరపు గురించి. అడిగిన ప్రశ్ననే అరగంటలో మళ్లీ అడగడం, నిన్నటి సంభాషణ జరిగినట్టే గుర్తులేకపోవడం, ఏళ్లుగా నడిచిన దారిలో తడబడటం, ఎప్పటి నుంచో అలవాటైన లెక్కలు, బిల్లులు, మందుల వరుస చేతకాకపోవడం ఆ కోవలోకి వస్తాయి. పేరు మరిచిపోవడం కంటే పని చెడిపోవడం ముఖ్యమైన సూచన. ఈ గీటురాయి మీద మీ అమ్మగారినీ నాన్నగారినీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను మొదట్లో ఎందుకలా రాశానో మీకే తెలుస్తుంది.

ఎంఆర్ఐ మీద మీరు పెట్టుకున్న నమ్మకం గురించి ఒక మాట. మతిమరుపులో స్కాన్ చేయించేది ముఖ్యంగా ఇతర కారణాలను తోసిపుచ్చడానికి, అంటే గడ్డలు, మెదడు పొరల కింద చేరిన రక్తం, పాత పక్షవాతపు మచ్చలు, నీరు చేరడం వంటివి లేవని చూసుకోవడానికి. ఆ పని మొదటి స్కానుతోనే పూర్తయింది. తొలిదశ అల్జీమర్స్‌లో స్కాన్ మామూలుగా ఉండవచ్చు, మామూలు మనిషి స్కానులో "వయసుకు తగిన కుదింపు", "చిన్న రక్తనాళాల మార్పులు" అన్న మాటలు కనిపించవచ్చు. ఆ రెండో రకం మాటలు రిపోర్టులో చదివి నిద్ర పోగొట్టుకుని వచ్చినవాళ్లు మా దగ్గర వారానికొకరైనా ఉంటారు. రిపోర్టును పేషెంటు చేతికిచ్చేటప్పుడు ఒక నిమిషం కూర్చుని చెబితే పోయే భయం అది.

రక్తపరీక్ష సంగతి ఇంకొంచెం సున్నితమైనది. రక్తంలో పీ-టౌ 217 అనే ప్రోటీన్‌ను కొలిచి అల్జీమర్స్‌లో మెదడులో చేరే అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందో లేదో అంచనా వేయడం ఇప్పుడు సాధ్యమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మే నెలలో ఇటువంటి తొలి పరీక్షకు అనుమతి ఇచ్చింది, కానీ ఆ అనుమతి 55 ఏళ్లు దాటి, జ్ఞాపకశక్తి లోటు లక్షణాలతో నిపుణుల దగ్గరకు వచ్చినవారికి, ఇతర పరీక్షలతో కలిపి చూడటానికి. ఏ ఇబ్బందీ లేని వృద్ధుల్లో కూడా చాలామందికి మెదడులో అమిలాయిడ్ ఉంటుంది, వారిలో ఎంతోమంది డిమెన్షియా రాకుండానే జీవితం ముగిస్తారు. రెండు స్కానుల్లోనూ ఏమీ కనబడని మీ అమ్మగారికి అది పాజిటివ్ వస్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, ఇప్పటికే ఉన్న భయానికి కాగితం మీద సాక్ష్యం దొరుకుతుంది, అంతే.

అమ్మగారికి నేను చేయించేవి వేరే. మొదటిది, ఆమె వాడే మందులన్నీ ఒక సంచీలో వేసుకుని ఒకే డాక్టరు ముందు కుమ్మరించాలి. నలుగురు డాక్టర్లు అంటే నాలుగు చీటీలు. ఒకరు నిద్రకు అల్ప్రాజొలామ్ లేదా క్లోనజెపామ్ రాసి ఉండవచ్చు, ఒకరు ఒంటినొప్పులకో తలనొప్పికో అమిట్రిప్టిలిన్, ఇంకొకరు మూత్రం ఆగకపోతే ఆక్సీబ్యుటినిన్. జలుబుకు తనంతట తాను కొనుక్కునే మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. ఇవన్నీ వృద్ధుల్లో మతిమరుపును పెంచే మందులే. మతిమరుపని డాక్టర్ల చుట్టూ తిరిగి, ఆ తిరుగుడులో రాసిన మందుల వల్లే మతిమరుపు ఎక్కువైనవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. ఒక పెద్దావిడ విషయంలో నేను చేసిన వైద్యమల్లా ఆరు వారాలపాటు నిద్రమాత్రను కొంచెం కొంచెంగా తగ్గించడమే. అలాంటి మాత్రలను ఒక్కసారిగా మానేయకూడదు, అది ప్రమాదకరం, డాక్టరు చెప్పిన వరుసలోనే తగ్గించాలి.

రెండోది రక్తంలో బి12, థైరాయిడ్, సోడియం, హిమోగ్లోబిన్, షుగరు. ఇవి ఇప్పటికే చేయించి ఉంటే మళ్లీ అక్కరలేదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ గానీ, కడుపులో మంటకు ఒమెప్రజోల్ తరహా మాత్రలు గానీ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ, ఇది నాన్నగారికి కూడా వర్తిస్తుంది. మూడోది మనసు. దిగులు, కంగారు, నిద్రలేమి ఉన్న మనిషికి విన్నది మనసులోకి దిగదు, దిగనిది తర్వాత గుర్తుకు రాదు. దీన్ని జ్ఞాపకశక్తి లోపమనడం కంటే ధ్యాస లోపమనడం సబబు. గురక, పగటి నిద్రమత్తు ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు గురించి అడగాలి. నాలుగోది చెవులు, దాని గురించి కింద మళ్లీ చెబుతాను.

జ్ఞాపకశక్తిని పెంచుతాయని చెప్పే మాత్రలూ సిరప్‌లూ ఇప్పటికే ఆమె సంచీలో ఉంటాయని నా అనుమానం. వాటిలో ఎక్కువ పేరున్న గింకో బైలోబా మీద 75 ఏళ్లు దాటిన మూడు వేలమందికి పైగా వృద్ధులతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, 2008లో దాని ఫలితాలు వచ్చాయి. డిమెన్షియాను అది ఆపలేదు. జ్ఞాపకశక్తికని రాసే పిరాసెటామ్ అనే మందు మీద కూడా నాకు నమ్మకం లేదు. పైగా గింకో రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావ ముప్పును పెంచవచ్చు.

తర్వాత ఏం చేయాలంటే, ఆ నలుగురిలో ఆమె మాట ఓపిగ్గా విన్న డాక్టరును ఒక్కరిని ఎంచుకోండి. ఆయన చేత ఒకసారి సమగ్రమైన పరీక్ష, దాని మార్కులు ఫైలులో, సరిగ్గా ఏడాదికి మళ్లీ అదే పరీక్ష. మధ్యలో పైన చెప్పిన "పని చెడిపోయే" రకం మార్పు కనిపిస్తే ముందే రావచ్చు. ఒక్క పరీక్ష కంటే రెండు పరీక్షల మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. చదువుకున్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. 30 మార్కుల పాత ఎంఎంఎస్ఈ పరీక్షలో విశ్రాంత ఉపాధ్యాయురాలికి తొలిదశ లోటున్నా మంచి మార్కులే రావచ్చు, చదువు తక్కువున్న ఆరోగ్యవంతుడికి తక్కువ మార్కులు రావచ్చు. అందుకే ఆమెకు మోకా అనే కొంచెం కఠినమైన పరీక్ష నయం. ఇలా తేదీ ముందే నిర్ణయించి పంపితే బెంగతో తిరిగే మనిషికి చాలావరకు నెమ్మది దొరుకుతుందని నా అనుభవం. "ఏమీ లేదు, వెళ్లండి" అన్నప్పుడు మరో డాక్టరు కోసం వెతికేవాళ్లే, "ఫలానా నెలలో రండి, మళ్లీ చూస్తాను" అంటే ఆగుతారు.

ఇప్పుడు నాన్నగారి విషయానికి వస్తాను. డబుల్ డోసు అన్నది మీరు అనుకున్నదానికంటే పెద్ద విషయం. షుగరుకు ఆయన గ్లిమిపిరైడ్ వంటి మాత్రగానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, వేసుకున్నది మరిచి మళ్లీ వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ పడిపోవడంలో మనిషి తడబడతాడు, గందరగోళపడతాడు, పడిపోయి ఎముక విరగ్గొట్టుకుంటాడు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మతిమరుపున్న వృద్ధులు అత్యవసర విభాగానికి రావడానికి నేను చూసిన కారణాల్లో, అడ్డుకోవడానికి వీలున్నవాటిలో, ఇదే మొదటిది. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకుండా ఈరోజు నుంచే మాత్రలు ఇచ్చే బాధ్యత వేరొకరు తీసుకోండి, వారానికి సరిపడే గడుల డబ్బా ఒకటి పెట్టండి, మిగిలిన మాత్రల పట్టీలు ఆయనకు అందుబాటులో లేకుండా చూడండి. ఆ బాధ్యత కూడా అమ్మగారి నెత్తిన వేయకండి, వీలైతే మీరు తీసుకోండి. జ్ఞాపకశక్తి తగ్గిన వృద్ధులకు మూడు నెలల సగటు చక్కెరను (హెచ్‌బీఏ1సీ) ఏడు శాతం లోపు ఉంచాలన్న పట్టుదల అక్కరలేదు. ఎనిమిది శాతం లోపు చాలని మధుమేహ మార్గదర్శకాలే చెబుతున్నాయి. డాక్టరు ఆ మేరకు మందు తగ్గించవచ్చు.

తప్పిపోయిన రెండు తేదీల గురించి. వృద్ధుడు రివ్యూకు రాకపోతే ఆసుపత్రి రికార్డులో "రాలేదు" అని పడుతుంది, అంతటితో ఆ సంగతి ముగుస్తుంది. నిజానికి క్రమం తప్పకుండా వచ్చే మనిషి రావడం మానేస్తే అదొక లక్షణం. మతిమరుపు మొదలైనవారిలో ఆసుపత్రి వాడకం తరచూ ఇలాగే వంకర తిరుగుతుంది. ముందుగా మామూలు రివ్యూలు, కంటి పరీక్షలు, టీకాలు తగ్గిపోతాయి, తర్వాత అత్యవసరంగా చేరడాలు పెరుగుతాయి. మధ్యలో జరిగినదేమిటో ఎవరికీ పట్టదు.

ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. ఆయన బీపీ, షుగరు చూసే ఫిజీషియన్‌తో మొదలుపెట్టండి. ఆ డాక్టరుకు ఈ విషయంలో ఆసక్తి లేదనిపిస్తే వృద్ధుల వైద్య నిపుణుడు, న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు, ఈ ముగ్గురిలో మతిమరుపు పేషెంట్లను తరచూ చూసేవారెవరైనా సరే. డిగ్రీ పేరు కంటే ఆయన మీకు కేటాయించే సమయం ముఖ్యం. అయిదు నిమిషాల్లో మతిమరుపును ఎవరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను.

ఎలా ఒప్పించాలన్నది అసలు చిక్కు. "మీకు మతిమరుపు వచ్చింది, చూపించుకుందాం" అంటే ఏ తండ్రీ రాడు. అబద్ధం చెప్పి తీసుకెళ్లడం కూడా నాకు నచ్చదు, అది తెలిసిన రోజున ఇక మీ మాట మీదే నమ్మకం పోతుంది. మీకు అదృష్టవశాత్తు నిజమైన కారణమే ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు మందులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి, మత్తు ఇచ్చే ముందు మెదడు కూడా ఎలా ఉందో చూస్తారు అని చెప్పండి. ఇందులో అసత్యం లేదు. ఉదయం పూట, ఆయన చురుగ్గా ఉండే వేళలో, కళ్లజోడుతో తీసుకెళ్లండి.

డాక్టరుకు చెప్పవలసినవి ముందే రాసుకోండి. "బాగా మరిచిపోతున్నారు" అన్న వాక్యం మాకు దేనికీ పనికిరాదు. ఫలానా తేదీన ఏం జరిగింది, రెండేళ్ల క్రితం ఆయన చేసి ఇప్పుడు చేయలేనిదేమిటి, అది మెల్లగా వచ్చిందా, మెట్లు దిగినట్టు ఒక్కో దెబ్బకు దిగిందా, నడకలో, మూత్రం ఆపుకోవడంలో మార్పుందా, ఉన్నట్టుండి కోపం, అనుమానం, లేనివి కనిపించడం ఉన్నాయా, ఇవి కావాలి. మూడు నాలుగు సంఘటనలు చాలు. ఏడీ8 అని ఎనిమిది ప్రశ్నల చిన్న పత్రం ఒకటుంది, దాన్ని ఇంటివాళ్లే నింపుతారు. రెండు లేదా అంతకు మించి "అవును, మారింది" అన్న జవాబులుంటే లోతుగా చూడాలి. ఈ మాటలు ఆయన ఎదుట చెప్పకండి. కాగితాన్ని ముందే డాక్టరుకు పంపండి, లేదా విడిగా అయిదు నిమిషాలు అడగండి. కొడుకు తన తప్పులన్నీ పరాయి మనిషి ముందు ఏకరువు పెడుతుంటే కూర్చుని విన్న పెద్దాయన రెండోసారి నా గది గుమ్మం ఎక్కకపోవడం నేను చూశాను.

పరీక్షకు ముందు చెవులు చూడాలి. ఒక ఎనభై ఏళ్లాయనకు వేరొక చోట చేసిన పరీక్షలో చాలా తక్కువ మార్కులు వచ్చి, డిమెన్షియా అని మందు కూడా మొదలుపెట్టి నా దగ్గరకు పంపారు. మూడు పదాలు చెప్పి తిరిగి చెప్పమంటే ఆయన చెప్పిన పదాలు నేను అన్నవాటికి ప్రాసలా ఉన్నాయి. రెండు చెవుల్లో గుబిలి తీయించి, వినికిడి యంత్రం పెట్టించాక మళ్లీ పరీక్షిస్తే ఆయన మరిచింది ఏమీ లేదు, అసలు వినలేదు. వినికిడి లోపం మరో రకంగా కూడా ముఖ్యం. డిమెన్షియా ముప్పును పెంచే, సరిదిద్దుకోగల 14 కారణాల్లో అదొకటని 2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక పేర్కొంది. బీపీ, షుగరు, పొగతాగడం, దిగులు, ఒంటరితనం, చూపు తగ్గడం కూడా అదే జాబితాలో ఉన్నాయి. అయితే వినికిడి యంత్రం పెట్టుకుంటే డిమెన్షియా రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. 2023లో వెలువడిన పెద్ద ప్రయోగంలో మొత్తం మీద అటువంటి లాభం కనిపించలేదు, ముప్పు ఎక్కువున్న ఒక వర్గంలో మాత్రం మూడేళ్లలో మెదడు పనితీరు తగ్గే వేగం దాదాపు సగానికి తగ్గింది.

పరీక్షల తర్వాత మూడు రకాల ఫలితాల్లో ఏదో ఒకటి రావచ్చు. సరిదిద్దగల కారణం దొరకవచ్చు, అంటే చక్కెర పడిపోవడం, బి12, థైరాయిడ్, దిగులు, మందులు వంటివి. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అనవచ్చు, అంటే పరీక్షల్లో లోటుంది గానీ రోజువారీ పనులు సాగుతున్నాయని అర్థం. మతిమరుపు ఓపీలకు వచ్చే అలాంటివారిలో ఏడాదికి నూటికి పది నుంచి పదిహేనుమంది డిమెన్షియా వైపు వెళతారు, కొందరు అలాగే ఉంటారు, కొందరు మామూలు స్థితికి తిరిగి వస్తారు కూడా. లేదా డిమెన్షియా అనవచ్చు, అందులో ఎక్కువ భాగం అల్జీమర్స్, షుగరూ బీపీ ఉన్నవారిలో రక్తనాళాల దెబ్బ కూడా తరచుగా కలిసి ఉంటుంది.

అదే అని తేలితే చేయడానికి ఏముందని చాలామంది అడుగుతారు, అందుకే పరీక్షకు రానివాళ్లూ ఉన్నారు. డోనెపెజిల్ వంటి పాత మందులతో కొందరికి కొంతకాలం స్వల్పమైన మేలు ఉంటుంది. కొత్తగా వచ్చిన లెకనెమాబ్ తొలిదశలో ఉండి, మెదడులో అమిలాయిడ్ ఉన్నట్టు రుజువైనవారికే. దాని ప్రయోగంలో 18 నెలల్లో క్షీణత వేగం 27 శాతం తగ్గింది, కానీ 18 మార్కుల కొలమానం మీద ఆ తేడా అర మార్కుకు లోపే, మెదడు వాపు, రక్తస్రావం అనే ముప్పులు దానికి తోడు. మందు కోసమే అయితే తొందర అంతగా లేదని ఒప్పుకుంటాను. తొందర ఎందుకంటే మాత్రలు, డబ్బు, వాహనం, ఆపరేషన్, సంతకాలు, ఈ అయిదింటి గురించి నాన్నగారు తన ఇష్టాన్ని తన నోటితో చెప్పగలిగిన రోజుల్లోనే మాట్లాడుకోవాలి కాబట్టి.

వేచి చూడకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి వచ్చిన గందరగోళం, జ్వరంతో కూడిన తడబాటు, మాట ముద్దగా రావడం, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, తలకు దెబ్బ తగిలిన తర్వాతి రోజుల్లో లేదా వారాల్లో మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, మతిమరుపు ఓపీ అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. షుగరు మందులు వాడే మనిషి కాబట్టి ముందుగా గ్లూకోమీటరుతో చక్కెర చూడండి.

ఇక ఆపరేషన్. రద్దు చేయమని నేను అనను, నడవలేని మోకాలు కూడా మెదడుకు మంచిది కాదు. కానీ జ్ఞాపకశక్తి పరీక్ష అయ్యేదాకా తేదీని ఖాయం చేయవద్దు, అవసరమైతే నాలుగైదు వారాలు జరపండి, ఇది ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ కాదు. ముందే లోటున్న మెదడుకు ఆపరేషన్ తర్వాత డెలీరియం వచ్చే ముప్పు ఎక్కువ. అంటే రెండో రోజో మూడో రోజో మనుషులను పోల్చుకోలేకపోవడం, సెలైన్ గొట్టాలు లాగేయడం, రాత్రంతా కేకలు, లేదా అందరూ పడుకున్నారనుకునేంత నిశ్శబ్దంగా మగతలో ఉండిపోవడం. ఈ నిశ్శబ్ద రకాన్నే ఎక్కువగా గుర్తించలేకపోతారు. దీన్ని చాలావరకు నివారించవచ్చు. 1999లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరిన 70 ఏళ్లు దాటినవారికి ఖరీదైన మందులేవీ లేకుండా, నిద్ర చెడకుండా చూడటం, త్వరగా నడిపించడం, నీళ్లు తాగించడం, కళ్లజోడూ వినికిడి యంత్రమూ దగ్గరుంచడం, తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడటం వంటివి చేస్తే డెలీరియం నూటికి పదిహేనుమంది నుంచి పదిమందికి తగ్గింది.

అందువల్ల ఆపరేషన్‌కు ముందు మత్తుమందు డాక్టరుకు మూడు సంగతులు కాగితం మీద ఇవ్వండి. ఈ మధ్య మాత్రలు రెండోసారి వేసుకున్నారన్న విషయం, జ్ఞాపకశక్తి పరీక్షలో వచ్చిన మార్కులు, ఆయన వాడే మందుల పూర్తి జాబితా. నిద్రకని రాత్రిపూట మత్తు మాత్రలు ఇవ్వవద్దని వార్డులో ముందే అడగండి. మొదటి మూడు రాత్రులు ఆయనకు బాగా తెలిసిన గొంతు ఒకటి మంచం పక్కన ఉండాలి. ఆ మూడు రాత్రులూ అమ్మగారే ఉండాలని మాత్రం అనుకోకండి, ఆమెను ఇంట్లో నిద్రపోనివ్వండి.